పెట్టె సర్దుకునే ఉండే ఆటగాళ్ళు: ఐస్ హాకీపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఏ జట్టులోనూ స్థిరంగా ఉండకుండా, ఊరి నుంచి ఊరికి మారుతూ పది పదిహేనేళ్ళు ఆటనే జీవనాధారం చేసుకునే వృత్తి ఆటగాణ్ణి ఐస్ హాకీలో జర్నీమ్యాన్ అంటారు. ఈసారి వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ వాళ్ళ గురించే. అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ అన్నిటికన్నా పై మెట్టు. దాని కింద ఏహెచ్‌ఎల్, ఆ కింద ఈసీహెచ్‌ఎల్. ఈ మూడు పేర్లు గుర్తుంటే చాలు, మిగతాది తేలిక. డబ్బు అంకెలు 2025-26 సీజన్‌వి.

ప్రశ్న: మైక్ సిలింజర్ అనే ఆటగాడు 12 ఎన్‌హెచ్‌ఎల్ జట్లకు ఆడాడని చదివాను. అన్ని జట్లు వదిలించుకున్నాయంటే అతని ఆట అంతంతమాత్రమనేగా?

జవాబు: వదిలించుకోవడం వేరు, ట్రేడ్ చేయడం వేరు. సిలింజర్‌ను 1989 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) డెట్రాయిట్ 11వ ఎంపికగా తీసుకుంది. తరవాత అనహైమ్, వాంకూవర్, ఫిలడెల్ఫియా, టాంపా బే, ఫ్లోరిడా, ఒట్టావా, కొలంబస్, ఫీనిక్స్, సెయింట్ లూయిస్, నాష్‌విల్, చివరికి న్యూయార్క్ ఐలాండర్స్. ఇందులో 9 సార్లు ట్రేడ్ అయ్యాడు. ట్రేడ్ అంటే అవతలి జట్టు బదులుగా ఒక ఆటగాణ్ణో, డ్రాఫ్ట్ ఎంపికనో ఇచ్చి తెచ్చుకోవడం. ఎవరికీ అక్కర్లేనివాడి కోసం తొమ్మిదిసార్లు ఎవరూ చేతిలోది వదులుకోరు కదా. మొత్తం 1,049 మ్యాచ్‌లు, 240 గోల్స్. చాలామంది ఆటగాళ్ళకు ఆ వెయ్యి అంకె కలలోకి కూడా రాదు.

జట్టులో తారలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతా చోట్లు పనిని బట్టి నింపుతారు. సొంత గోల్ ముందు ఫేసాఫ్ (ఇద్దరి మధ్య పక్, అంటే ఆట బిళ్ళ, వదిలి ఆట మొదలుపెట్టడం) గెలిచే సెంటర్, అంటే మధ్యలో ఆడేవాడు, ఒకరు కావాలి. తమవాడు పెనాల్టీ మీద బయట కూర్చున్నప్పుడు నలుగురితో నెట్టుకొచ్చే వింగర్, అంటే పక్కన ఆడేవాడు, కావాలి. కుడివైపైనా ఎడమవైపైనా ఆడగల మూడో జోడీ డిఫెన్స్‌మన్ కావాలి. మ్యాచ్‌కి 8 నుంచి 12 నిమిషాల పని. ఎవరో గాయపడ్డప్పుడో, ఎవరి ఆటో తప్పినప్పుడో ఆ ఖాళీ పుడుతుంది. జర్నీమ్యాన్ అమ్ముకునే సరుకు ఆ ఖాళీకి సరిపోవడమే. అందుకే అతని కెరీర్‌ను అర్థం చేసుకోవాలంటే గోల్స్ లెక్క కన్నా ఖాళీలను పుట్టించే నిబంధనలు చూడాలి.

ప్రశ్న: "వేవర్స్‌లో పెట్టారు", "క్లియర్ అయ్యాడు" అంటుంటారు. ఏమిటా తతంగం?

జవాబు: అనుభవమున్న ఆటగాణ్ణి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు నేరుగా ఏహెచ్‌ఎల్‌కి పంపకూడదు. ముందు అతని పేరు మిగతా 31 జట్లకూ 24 గంటలపాటు చూపాలి. కావాలన్న జట్టు ఉన్న కాంట్రాక్టుతోనే, బదులుగా ఏమీ ఇవ్వకుండా తీసుకుపోతుంది. ఇద్దరు ముగ్గురు అడిగితే పట్టికలో అడుగున ఉన్న జట్టుకే ముందు హక్కు. నవంబర్ 1 దాకా గత సీజన్ పట్టిక చూస్తారు, తరవాత ఈ సీజన్‌ది. ఎవరూ అడగకపోతే "క్లియర్" అయినట్టు. అప్పుడు కిందికి పంపొచ్చు.

కుర్రాళ్ళకి దీన్నుంచి కొంతకాలం మినహాయింపు ఉంది. 18 ఏళ్ళకే సంతకం చేసిన స్కేటర్‌కి (గోలీ, అంటే గోల్ కాపరి, కాని ఆటగాడికి) 5 సీజన్లు లేదా 160 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు, ఏది ముందైతే అది. వయసు పెరిగేకొద్దీ ఈ గడువు తగ్గుతుంది. 25 దాటాక తొలి సంతకం చేసినవాడికి ఒక్క సీజనే. జర్నీమ్యాన్ చిక్కంతా ఇక్కడే. ఇద్దరి ఆటా ఒకేలా ఉంటే కోచ్ కిందికి పంపేది మినహాయింపు ఉన్న కుర్రవాణ్ణే, ఎందుకంటే వాణ్ణి ఎవరూ ఎత్తుకుపోలేరు. అంటే నిబంధన కొన్నిసార్లు పెద్దవాణ్ణే కాపాడుతుంది. కానీ కుర్రవాడి మినహాయింపు అయిపోయిన రోజున లెక్క తిరగబడుతుంది. అక్టోబర్ మొదటివారంలో, జట్లు 23 మందికి కుదించుకునేటప్పుడు, వేవర్స్ జాబితా చేంతాడంత ఉండడానికి కారణం ఇదే.

ఒకసారి క్లియర్ అయితే అది ఎప్పటికీ చెల్లదు. మళ్ళీ పైకి పిలిచాక మొత్తం 30 రోజులు జట్టులో ఉన్నా, 10 మ్యాచ్‌లు ఆడినా గడువు తీరిపోతుంది. అందుకే 9 మ్యాచ్‌లు బాగా ఆడినవాణ్ణి కూడా హఠాత్తుగా వెనక్కి పంపుతుంటారు. చూసేవాళ్ళకి అన్యాయంలా కనిపిస్తుంది. జట్టు మాత్రం అతన్ని పోగొట్టుకోకూడదనే ఆ పని చేస్తుంది.

ప్రశ్న: టూ-వే కాంట్రాక్టులో జీతం ఎలా లెక్కిస్తారు? కోట్లు వస్తాయంటారు, నిజమేనా?

జవాబు: పూర్తి సీజన్ పైనే ఉంటే నిజమే. ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం 7,75,000 డాలర్లు. 2026-27 నుంచి 8,50,000. కానీ టూ-వే కాంట్రాక్టులో రెండు అంకెలు రాసి ఉంటాయి, పైనున్న రోజుకి ఒకటి, కిందున్న రోజుకి ఒకటి. జీతం రోజులెక్కన కడతారు. సీజన్ సుమారు 190 రోజులు.

పై అంకె 7,75,000, కింది అంకె 1,00,000 అనుకుందాం. పైన రోజుకి దాదాపు 4,080 డాలర్లు, కింద రోజుకి 526. ఏడాదిలో 30 రోజులు పైన, 160 రోజులు కింద గడిపితే మొత్తం దాదాపు 2,06,000. ఒక్కరోజు పైన కూర్చుంటే, ఆడినా ఆడకపోయినా, కింద వారం రోజుల జీతం చేతికొచ్చినట్టు. మంచి ఏజెంటు మూడో అంకె కూడా రాయిస్తాడు. అది కనీస హామీ. పైకి పిలుపు ఒక్కసారీ రాకపోయినా ఆ మొత్తం ఇవ్వాల్సిందే. బేరం తెగనప్పుడు పై అంకె పెంచమనడం కన్నా ఈ హామీ పెంచమనడమే తెలివైన పని. పై అంకె వస్తుందో రాదో ఆటగాడి చేతిలో లేదు.

వన్-వే కాంట్రాక్టు అంటే ఎక్కడ ఆడినా జీతం ఒకటే. వన్-వే ఉన్నవాణ్ణి కిందికి పంపకూడదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వేవర్స్ క్లియర్ అయితే అతన్నీ పంపొచ్చు, జీతం మాత్రం తగ్గదు.

ఇంకో మాట. పైన ఆడుతూ గాయపడినవాణ్ణి కోలుకునేదాకా కిందికి పంపకూడదు, ఎన్‌హెచ్‌ఎల్ జీతమే నడుస్తుంది. అందుకని నొప్పిని దాచుకుని మర్నాడు కిందికి వెళ్ళాక చెప్పేవాడు రెండు విధాలా నష్టపోతాడు. దెబ్బ తగిలిన రాత్రే, రింక్ వదిలేలోపే జట్టు డాక్టరు చేత రాయించుకోవాలి. సీజన్ చివర్లో జరిగే వైద్యపరీక్షలోనూ ఏ నొప్పినీ వదలకుండా నమోదు చేయించాలి.

ప్రశ్న: 27, 28 ఏళ్ళకే ఏహెచ్‌ఎల్‌లో చోటు దొరకడం కష్టమంటారు. ఆ వయసులో ఆట ఇంకా బాగుంటుంది కదా?

జవాబు: ఆట బాగానే ఉంటుంది. అడ్డుపడేది 260 అనే అంకె. ఏహెచ్‌ఎల్ కుర్రాళ్ళని తయారుచేసే లీగ్. ప్రతి మ్యాచ్‌కీ దుస్తులు వేసుకునే 18 మంది స్కేటర్లలో కనీసం 13 మంది ఎదిగే దశలో ఉన్నవాళ్ళు కావాలి. వాళ్ళలో 12 మంది వృత్తి మ్యాచ్‌లు 260 దాటకూడదు, 13వ వాడికి 320 దాకా వెసులుబాటు. అంటే పూర్తి స్థాయి వెటరన్‌లకు మిగిలేది ఐదు చోట్లు. యూరప్ పెద్ద లీగుల్లో ఆడిన మ్యాచ్‌లూ ఇందులో కలుస్తాయి.

ఏహెచ్‌ఎల్ సీజన్ 72 మ్యాచ్‌లు. పెద్దగా గాయాలు లేకుండా 22 ఏళ్ళకి మొదలుపెట్టినవాడు నాలుగో సీజన్‌లో 260 దాటేస్తాడు. లెక్క సీజన్ మొదట్లో ఒకసారే చూస్తారు. 258తో మొదలైనవాడు ఆ ఏడాదంతా కుర్రవాడి కిందే లెక్క, 262తో మొదలైనవాడికి మిగిలేది ఆ ఒక్క 13వ చోటు, లేదంటే వెటరన్ చోట్లే. ఆ నాలుగు మ్యాచ్‌ల తేడాతో ఒకడికి కాంట్రాక్టు వస్తుంది, ఒకడికి రాదు. కాబట్టి మూడో సీజన్ అయ్యేసరికే ఆటగాడు తన అంకె తాను రాసి పెట్టుకోవాలి. ఆ ఐదు చోట్లలో ఒకటి దక్కాలంటే మొదటి రెండు లైన్లలో (కలిసి దిగే ముగ్గురేసి దాడి ఆటగాళ్ళ బృందాల్లో) గోల్స్ చేయాలి, లేదా కెప్టెన్‌గా కుర్రాళ్ళని చూసుకోగలగాలి. నాలుగో లైన్ పనికి వెటరన్‌ని ఎవరూ ఖర్చుపెట్టరు.

ఈ నిబంధన గోలీలకి వర్తించదు. ముప్పై దాటిన గోలీలు ఏహెచ్‌ఎల్‌లో కనబడుతుంటారంటే అందుకే.

ఈసీహెచ్‌ఎల్‌లోనూ ఇలాంటిదే ఉంది. 260 దాటినవాళ్ళు మ్యాచ్‌కి నలుగురికి మించకూడదు. అక్కడ జీతం వారానికి ఇంత అని ఇస్తారు, జట్టు మొత్తం వారపు జీతాలకి పరిమితి ఉంటుంది, ఉండడానికి ఇల్లు జట్టే చూపిస్తుంది.

ప్రశ్న: పీటీఓ అంటే?

జవాబు: ప్రొఫెషనల్ ట్రైఅవుట్. కాంట్రాక్టు లేని ఆటగాణ్ణి పరీక్షించి చూసే పద్ధతి. ఏహెచ్‌ఎల్‌లో 25 మ్యాచ్‌ల దాకా ఉంటుంది, ఆడినంత కాలం జీతం వస్తుంది, జట్టు ఎప్పుడైనా పొమ్మనొచ్చు. ఈసీహెచ్‌ఎల్‌లో బాగా ఆడుతున్నవాణ్ణి పైన ముగ్గురు గాయపడ్డప్పుడు పిలిచేది చాలావరకు ఇలాగే. ఎన్‌హెచ్‌ఎల్ శిక్షణ శిబిరానికి పిలిచే పీటీఓ వేరు. దానికి జీతం ఉండదు, మ్యాచ్‌లన్నీ సన్నాహకాలే. దానికి ఒప్పుకునేముందు ఆ జట్టులో తన స్థానంలో ఎంతమందికి గ్యారంటీ కాంట్రాక్టులున్నాయో లెక్కపెట్టాలి. ఖాళీ లేని శిబిరానికి వెళ్ళడమంటే సెప్టెంబర్ నెల పోగొట్టుకోవడమే.

ప్రశ్న: యూరప్‌కి వెళ్ళడమంటే ఎన్‌హెచ్‌ఎల్ తలుపు మూసుకున్నట్టేనా? అక్కడ ఏం చూసుకోవాలి?

జవాబు: మూసుకోదు. గ్లెన్ మెట్రోపొలిట్‌ని ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. ఈసీహెచ్‌ఎల్ నుంచి మొదలై ఎన్‌హెచ్‌ఎల్ చేరాడు, మధ్యలో ఫిన్లాండ్, స్విట్జర్లండ్ వెళ్ళి ఆడాడు, అక్కణ్ణుంచి అట్లాంటా జట్టులోకి తిరిగొచ్చి, ఆ తరవాత బోస్టన్‌కీ మాంట్రియల్‌కీ కూడా ఆడాడు. మొత్తం 407 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు. అయితే తిరుగుదారిలో ఒక ముల్లు ఉంది. ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొదలయ్యాక యూరప్‌లో ఒక్క మ్యాచ్ ఆడినా, అదే సీజన్‌లో తిరిగొచ్చి సంతకం చేసేవాడు వేవర్స్ దాటాలి. పిలిచిన జట్టుకే దక్కుతాడన్న నమ్మకం లేదు.

అక్కడ ఖాళీల లెక్క విదేశీ చోట్ల మీద నడుస్తుంది. స్విస్ నేషనల్ లీగ్‌లో మ్యాచ్‌కి 6 మంది విదేశీయులు. 2022-23కి ముందు నలుగురే. జర్మనీ పెద్ద లీగ్ డీఈఎల్‌లో 9 మంది. తాతముత్తాతల ద్వారా జర్మన్ పౌరసత్వం దొరికే కెనడా ఆటగాడికి అక్కడ గిరాకీ ఎక్కువ. అతను విదేశీ చోటు తినడు. కాబట్టి పాస్‌పోర్టు అర్హత ఉందేమో ఇరవై ఐదేళ్ళలోపే ఆరా తీయాలి. కాగితాలకి ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది.

అందరూ చేసే తప్పు ఆలస్యం. ఎన్‌హెచ్‌ఎల్‌లో స్వేచ్ఛా ఆటగాళ్ళ (కాంట్రాక్టు ముగిసి ఏ జట్టుకైనా వెళ్ళగలవాళ్ళ) బేరాలు జులై 1న తెరుచుకుంటాయి. యూరప్ క్లబ్బులు మంచి విదేశీ చోట్లని చలికాలం నుంచే నింపడం మొదలుపెడతాయి. జులై దాకా ఎన్‌హెచ్‌ఎల్ ఫోన్ కోసం చూసి, అది మోగకపోతే అప్పుడు యూరప్ వైపు తిరిగేవాడికి మిగిలేది రెండో శ్రేణి జట్లో, నవంబర్‌లో ఎవరో గాయపడితే పుట్టే ఖాళీలో. క్లబ్బు ఒప్పుకుంటే, ఫలానా తేదీలోపు ఎన్‌హెచ్‌ఎల్ పిలిస్తే వెళ్ళిపోవచ్చన్న షరతు రాయించుకుని ముందే సంతకం చేయడం మేలు.

సంతకానికి ముందు అడగాల్సినవి. జీతం పన్ను పోగా చేతికొచ్చేదా, పన్నుకి ముందుదా? యూరప్‌లో చాలాచోట్ల చేతికొచ్చే మొత్తమే చెబుతారు. ఇల్లు, కారు క్లబ్బువేనా, కారు ఇన్సూరెన్స్ ఎవరిది? కుటుంబానికి ఏడాదికి ఎన్ని విమాన టికెట్లు? గాయపడితే ఎన్నాళ్ళు జీతం ఇస్తారు? జట్టు కింది డివిజన్‌కి జారితే కాంట్రాక్టు ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్న ఉత్తర అమెరికా నుంచి వెళ్ళేవాడికి తట్టదు, అక్కడ జారడమనేదే లేదు. వీటన్నిటికీ తోడు అంతర్జాతీయ సమాఖ్య ఇచ్చే బదిలీ కార్డు చేతికి రాకుండా మ్యాచ్ ఆడనివ్వరు. పాత క్లబ్బు, పాత దేశపు సమాఖ్య సంతకాలు దానికి కావాలి. పాత క్లబ్బుతో బాకీలు, తగువులు తేల్చుకోకుండా విమానం ఎక్కితే ఆ కార్డు దగ్గరే ఆగిపోతారు.

ఇక ఆట. ఉత్తర అమెరికా రింక్ వెడల్పు సుమారు 26 మీటర్లు, యూరప్‌లో చాలా రింక్‌లు 28 నుంచి 30. గోల్ వెనక జాగా కూడా యూరప్‌లో 4 మీటర్లు, ఉత్తర అమెరికాలో 3.35. చూడ్డానికి చిన్న తేడాలే. కానీ ప్రత్యర్థిని గోడకి నొక్కేసే అలవాటున్న డిఫెన్స్‌మన్ మొదటి నెలంతా అర అడుగు ఆలస్యంగా చేరుతుంటాడు, పక్క నుంచి మనిషి జారిపోతుంటాడు. పక్క వెంట పరిగెత్తడం మాని మధ్యభాగం కాచుకోవడం నేర్చుకోవాలి. ఢీకొట్టడమే పనిగా బతికినవాడికి పెద్ద రింక్ అచ్చిరాదు. స్కేటింగ్ ఉన్నవాడికి అది వరం.

డిసెంబర్ 26 నుంచి 31 దాకా దావోస్‌లో జరిగే స్పెంగ్లర్ కప్ అనే పోటీలో కెనడా జట్టు ఒకటి ఆడుతుంది. అందులో ఎక్కువమంది యూరప్ క్లబ్బుల్లో ఆడే కెనడా జర్నీమ్యాన్‌లే. వచ్చే ఏడాది కాంట్రాక్టు వెతుక్కునేవాడికి అంతకన్నా మంచి సంత ఉండదు.

ప్రశ్న: జట్టు మారినప్పుడల్లా స్కేట్లు, కర్రలు కూడా మార్చాలా?

జవాబు: స్కేట్లు పొరపాటున కూడా మార్చకూడదు. కొత్త బూటు పాదానికి అలవాటవడానికి వారాలు పడుతుంది. కొత్త కోచ్ ముందు మొదటి మ్యాచ్ పుండ్లతో ఆడడం కన్నా తెలివితక్కువ పని లేదు.

అసలు తేడా సానలో వస్తుంది. బ్లేడు అడుగున ఉండే గాడి లోతుని అంగుళాల వ్యాసార్ధంతో చెబుతారు. మూడెనిమిదో వంతు అయితే గాడి లోతు, మంచుని గట్టిగా పట్టుకుంటుంది, కాళ్ళు త్వరగా అలుస్తాయి. ఐదెనిమిదో వంతు అయితే తేలిగ్గా జారుతుంది, పట్టు తక్కువ. చాలామంది అరంగుళం దగ్గర మొదలుపెడతారు. మెత్తటి మంచు మీద లోతు గాడి కూరుకుపోతుంది, గట్టి మంచు మీద లోతు తక్కువ గాడి జారిపోతుంది. ఒకే అంకె చెప్పినా ఇద్దరు సానపట్టేవాళ్ళ చేతిలో ఒకేలా రాదు, రాయిని దిద్దే తీరు వేరు. అందుకని సంచిలో ఒక అట్టముక్క మీద గాడి కొలత, బ్లేడు వంపు కొలత రాసి పెట్టుకోవాలి. తన యంత్రం మీద సాన పట్టించిన బ్లేడు జతలు రెండు విడిగా తెచ్చుకోవాలి. కొత్తచోట మొదటి సాన అయ్యాక బ్లేడు మీద అడ్డంగా చిన్న నాణెం నిలిపి చూస్తే రెండు అంచులూ సమానంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. నాణెం ఒకవైపు వాలితే ఆ స్కేటు ఒకవైపే మలుపు తిరుగుతుంది, ఆటగాడు తన మోకాలిని అనుమానించుకుంటూ కూర్చుంటాడు.

కర్రలు తన వంపుతో, తన గట్టిదనంతో ప్రత్యేకంగా తయారుచేయించుకున్నవైతే కొత్తవి రావడానికి వారాలు పడుతుంది. ఆరైనా చేతిలో ఉండాలి. గ్లవ్స్ రంగు కుదరకపోయినా పర్లేదు, పాత జట్టు రంగు గ్లవ్స్‌తో మొదటి మ్యాచ్ ఆడేవాళ్ళు ఎప్పుడూ కనబడుతుంటారు.

ప్రశ్న: సాయంత్రం ఫోన్ వచ్చి మర్నాడే కొత్త జట్టుకి ఆడాలంటే వాళ్ళ ఎత్తుగడలు ఎలా తెలుస్తాయి?

జవాబు: ఏహెచ్‌ఎల్ నుంచి దాని పై జట్టుకే వెళ్తే ఇబ్బంది తక్కువ, చాలావరకు రెండూ ఒకే పద్ధతి ఆడతాయి. ట్రేడ్ అయితే అన్నీ మారతాయి. వీడియో చూసే కోచ్‌ని మూడే అడగాలి. పక్ అవతలివాళ్ళ దగ్గరున్నప్పుడు ముందుకి ఒకణ్ణి పంపుతున్నారా, ఇద్దర్నా? మన గోల్ ముందు మనిషిని పట్టుకోవాలా, చోటుని కాయాలా? మన వైపు నుంచి పక్ బయటికి తేవడానికి మొదటి పాస్ ఎటు? పవర్‌ప్లే (అవతలివాడు పెనాల్టీ మీద బయట ఉన్నప్పటి ఆట) సంగతి తరవాత చూసుకోవచ్చు, కొత్తవాణ్ణి అందులో వేయరు.

మొదటి మ్యాచ్‌లో ఒక్కో షిఫ్టు, అంటే మంచు మీదికి దిగి ఆడే ఒక్కో విడత, 35, 40 సెకన్లకి మించకుండా బయటికి వచ్చేయాలి. అలసిపోయి మధ్యగీతకి ఇవతలినుంచే పక్‌ని అవతలి చివరికి విసిరేస్తే ఐసింగ్ పడుతుంది, అప్పుడు మనుషుల్ని మార్చుకోనివ్వరు, అలసినవాళ్ళతోనే ఫేసాఫ్ ఆడాలి. కొత్తవాడి మీద కోచ్ నమ్మకం పోయేది చాలావరకు ఈ ఒక్క తప్పుతోనే.

ప్రశ్న: ట్రేడ్ చేస్తామంటే ఆటగాడు కాదనలేడా?

జవాబు: కాంట్రాక్టులో ఆ షరతు ఉంటే కాదనొచ్చు. అది స్వేచ్ఛా ఆటగాడయ్యే అర్హత వచ్చిన సంవత్సరాలకే రాయించుకోవడానికి వీలు, మామూలుగా 27 ఏళ్ళు లేదా 7 సీజన్లు నిండాక. ఏడాది కాంట్రాక్టుల మీద బతికే జర్నీమ్యాన్‌కి అది ఎవరూ ఇవ్వరు.

ప్రశ్న: పెళ్ళయినవాళ్ళు ఇల్లూ వాకిలీ ఎలా చూసుకుంటారు?

జవాబు: సీజన్ ఊళ్ళో ఇల్లు కొనరు. అద్దె ఒప్పందంలో, ట్రేడ్ అయినా కిందికి పంపినా 30 రోజుల నోటీసుతో ఖాళీ చేసే వీలు రాయించుకుంటారు. అది లేకుండా సంతకం చేసి రెండేసి ఊళ్ళలో అద్దె కట్టేవాళ్ళు తక్కువేం కాదు. సామాను కూడా అలాగే, రెండు కార్లలో పట్టేంతకి మించి పెట్టుకోరు. పిల్లలు బడికి వెళ్ళే వయసు వచ్చాక కొందరు కుటుంబాన్ని సొంతూళ్ళోనే ఉంచేస్తారు, కొందరు యూరప్ వైపు మొగ్గుతారు. అక్కడ సీజన్ మధ్యలో ట్రేడ్‌లు ఉండవు, ఆగస్టులో దిగిన ఊళ్ళోనే మార్చి దాకా ఉంటారన్న భరోసా ఎక్కువ. పైగా నవంబర్, డిసెంబర్, ఫిబ్రవరి నెలల్లో జాతీయ జట్ల కోసం లీగులు కొన్ని రోజులు ఆగుతాయి. జాతీయ జట్టు పిలవని విదేశీ ఆటగాడికి సీజన్ మధ్యలో ఇంట్లో గడపడానికి దొరికేవి ఆ రోజులే. క్లబ్బు సాధన షెడ్యూలు మాత్రం టికెట్లు కొనకముందే అడగాలి, ఓడిపోతున్న జట్ల కోచ్‌లు ఆ సెలవుల్ని సగానికి కోసేస్తారు.